రాని గీత

విప్పేసిన యంత్రం ముందు రసాయనశాస్త్రం ప్రొఫెసర్ తల పట్టుకుని కూర్చున్నాడు. కాలేజీలో లెక్కలు చెప్పే మరదలు భోజనం క్యారేజీ తెచ్చింది.

"ఏంటి బావా, యంత్రాన్ని ఇలా కుప్ప పోశారు?"

"ఈ యంత్రంలో పరారుణ కాంతి పంపితే ఈ అణువు గ్రాఫు మీద మూడు గీతలు చూపించాలి. మూడు నెలలుగా రెండే వస్తున్నాయి. మా ఆపరేటర్ ఒట్టి చేతగానివాడు."

"అణువు బొమ్మ చూపించండి. ఇది అటూ ఇటూ ఒకేలా ఉందే! ఇలాంటి సౌష్ఠవాన్ని లెక్కగట్టే గ్రూపు సిద్ధాంతం ప్రకారం..."

"మొదలెట్టావా! కాగితమ్మీద బొమ్మలు తిప్పుకునే మీ లెక్కలతో అన్నం ఉడుకుతుందా?"

"ఉడకదు. కానీ రెండు కొసలూ సమానంగా సాగే కంపనం ఆ కాంతికి అందదు. మూడో గీత ఎన్నేళ్లు చూసినా రాదు."

"ఎవరన్నారు?"

"మీ బీరువాలో ఉన్న లావు పుస్తకమే. పేజీలు ఇంకా అంటుకునే ఉన్నాయి, విడదీసి చదవండి."

"అయితే దీని మీద నా పేరుతో ఒక వ్యాసం రాస్తాను."

"రాయండి. పిల్లలు పరీక్షలో రాసేదే కదా, దిద్దిపెడతాను."

"వెటకారం చాలు."

"ఆపరేటర్ ఏమన్నాడు?"

"యంత్రం బాగానే ఉంది సార్ అని మొదటిరోజే అన్నాడు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"పని రాదని రాసి స్టోర్సుకి పంపేశాను. సీసాలు కడుగుతున్నాడు."

"ఇరవయ్యేళ్లుగా దీన్ని నడిపిన మనిషితో సీసాలు కడిగిస్తున్నారా? పోనీ, ఇది బిగించడం మీకొచ్చా?"

"రాదు. ఫోన్ చేసి పిలిపిస్తాలే."

"పిలిపించకండి బావా. మీరే వెళ్లండి."

ఆయన క్యారేజీ విప్పకుండానే లేచి, స్టోర్సు వైపు నడిచాడు.