అర్థం చెప్పే మనిషి

ఢిల్లీలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయం, మూడో అంతస్తు. డైరెక్టర్ గది బయట బెంచీ మీద సత్యనారాయణ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. ప్రమోషన్ల జాబితా వచ్చే వారం. తన మీద వచ్చిన ఫిర్యాదుకి మెమో పడేదీ పడనిదీ ఇవాళ తేలిపోతుంది. పక్కన కృష్ణకుమారి, చేతిలో టీ గ్లాసు.

“అది కాదండీ కృష్ణకుమారి గారూ, స్తుతి అంటే పొగడటమే కదా! హిందీలో ప్రశంసా. లోపల డైరెక్టర్ గారితో ప్రశంసా అని ఒక్క ముక్క అనండి చాలు, మెమో గిమో ఏదీ ఉండదు.”

“ప్రశంసా కాదు, చాపలూసీ కదా అని ఆయన అడిగితే?”

“అడగరండీ. కాకా పట్టడమని ఆయనకెలా తెలుస్తుంది? తెలుగులో అక్షరం ముక్క రాదు. మీరు ఎమ్మే తెలుగు. మీరేది చెబితే అదే అర్థం.”

“దేవుడి ముందు చేస్తే స్తుతి, సత్యనారాయణ గారూ. పని గడుపుకోవడానికి మనిషి మొహం చూసి చేస్తే ముఖస్తుతి. లోపల ఒకటి, పైకి ఒకటి. దానికి ఎమ్మే ఎందుకు?”

“అబ్బ, అంత విడమరచాలా? మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో సరదాకి ఒక ముక్క పెట్టాను. ఎవడో తీసుకెళ్ళి...”

“ఆ ముక్కేదో ఒకసారి చెప్పండి.”

“మీకు తెలిసిందేగా.”

“మీ నోటితో వినాలని.”

“అదే... ‘ముఖస్తుతి చేతనైతే ఢిల్లీలోనే పాతుకుపోవచ్చు, చేతకాని మనం గౌహతికి పెట్టె సర్దుకోవడమే’ అని. అంతే. ఎవరి పేరూ రాయలేదు.”

“పేరెందుకు? ఆ వారం ట్రాన్స్‌ఫర్ ఆగింది ఇద్దరికే. రామమోహనరావు గారికి, నాకు.”

“అయ్యో, మీకెందుకండీ ఆ అనుమానం! ఆయన గురించే. మనసుకి తగిలింది కాబట్టే ఫిర్యాదు పెట్టారు.”

“నా గురించి కాదంటారు.”

“మీ గురించా? ఛఛ!”

“నాకు ట్రాన్స్‌ఫర్ ఎందుకు ఆపారో తెలుసా మీకు? అమ్మ మందుల కాగితాలు తీసుకెళ్ళి డైరెక్టర్ గారి ముందు నిలబడి ఏడ్చాను. ఆ ముక్క చదివిన రోజు ఇంటికెళ్ళి మళ్ళీ ఏడ్చాను. అందరూ ఏమనుకుంటున్నారో అని క్యాంటీన్‌కి వెళ్ళడం మానేశాను.”

“మిమ్మల్ని ఎవరంటారండీ! ఫైలు మీద నోటు రాయాలంటే మీ తర్వాతే ఎవరైనా. మీ ఓపిక, మీ మంచితనం... ఈ ఆఫీసు మొత్తం మీద మీలాంటి మనిషి లేదు చెల్లెమ్మా.”

“చెల్లెమ్మా?”

“అంటే... అలా అనిపించింది.”

“ఇన్నేళ్ళలో లిఫ్టులో ఎదురుపడితే నమస్తే అనడానికే నోరు రాలేదు మీకు. ఇక లోపల ముఖస్తుతికి ఉదాహరణ అడిగినా నాకు ఇబ్బంది లేదు. ఇప్పుడే దొరికింది.”

“అనండి. తిట్టండి, పడతాను. కానీ ఈ ప్రమోషన్ పోతే నాకు గౌహతి ఖాయం. మా అమ్మాయి సహస్ర ఇప్పుడే ధౌలా కువాన్ కాలేజీలో చేరింది. ఆడపిల్లని ఇక్కడ ఎవరి దగ్గర వదిలి వెళ్ళను? మా ఆవిడ ఇంద్రాణి రెండు రోజులుగా అన్నం కూడా సరిగ్గా తినడం లేదు.”

“సహస్ర బంగారుతల్లి. దాన్ని మధ్యలోకి తేకండి.”

“తేకుండా ఎలా? నా బాధంతా దాని గురించే...”

“మేడమ్! సాబ్ బులా రహే హైఁ.”

“అచ్ఛా భయ్యా, ఏక్ మినట్.”

“ప్యూను పిలిచేశాడు, డైరెక్టర్ గారు రమ్మంటున్నారట. కృష్ణకుమారి గారూ, ప్రశంసా. అంతే కదా?”

“ఆఖరిసారి అడుగుతున్నాను. కోపం తెచ్చుకోను, ఎవరికీ చెప్పను. ఎవరి గురించి రాశారు?”

“చెప్పానుగా, రామమోహనరావు గారి గురించి.”

“సహస్ర మీద ఒట్టు?”

“పిల్ల మీద... పిల్ల మీద ఒట్లెందుకండీ? నన్ను నమ్మరా?”

“నిన్న సాయంత్రం వైశాలి కాలనీకి వెళ్ళారట.”

“వైశాలా? నేనా? వైశాలిలో నాకేం పని?”

“రామమోహనరావు గారింట్లో. ‘మీలాంటి పెద్దమనిషిని అంటానా సార్, అది కృష్ణకుమారి గురించి’ అన్నారట. ఆయన కాళ్ళకి కూడా దణ్ణం పెట్టారట.”

“ఎవరు... ఎవరు చెప్పారు?”

“ఆయనే. పొద్దున్న ఫోన్ చేసి.”

“అదీ... ఆయన్ని చల్లబరచడానికి ఏదో నోటికొచ్చింది అన్నానండీ. ఆయన ‘చూద్దాం’ అన్నారు, అంతే.”

“చల్లబడ్డారు. ఆఫీసుకి రాగానే ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు.”

“తీసుకున్నారా! నిజంగా? హమ్మయ్య, ఎంత చల్లని మాట చెప్పారండీ! ఇంక కేసెక్కడుంది? మరి మిమ్మల్ని అర్థం చెప్పమని పిలవడం దేనికి?”

“అర్థం చెప్పడానికని మీరనుకున్నారు, నేననలేదు. ఈ గ్లాసు పట్టుకోండి, నేను లోపలికి వెళ్ళాలి. మీరు నిజం చెబితే ఈ కాగితం ఇక్కడే చింపేద్దామని ఇంతసేపు కూర్చున్నాను, సత్యనారాయణ గారూ. ఇది నా ఫిర్యాదు.”