బంతికి తగ్గ కారు

అది కాదు ఆర్డిస్ అక్కా, చెప్పుకి తగ్గట్టు కాలు కోసుకునేవాణ్ని ఎక్కడైనా చూశావా? నేను చూశాను. అదిగో, శ్మశానం గేటు పక్కన, ఆ వంకాయ రంగు కారులో కూర్చుని రేడియోలో బేస్‌బాల్ వింటున్నాడు. నీ మొగుడే. నా మొగుడు కూడా అనుకో, పదకొండేళ్ల నుంచి.

దిగడట. మోకాలు వంగదట. ఏటా మే నెలాఖర్న, పోయినవాళ్లని తలుచుకునే రోజుకి, నీకు జెరేనియం పూల మొక్కలు తెచ్చేది నేను, గుంట తవ్వేది నేను, నీళ్లు పోసేది నేను. ఆయనేమో కారులోంచే టోపీ తీసి గుండెకి ఆనించుకుంటాడు, అంతటితో సరి. సవతి సమాధికి సేవ చేసే రాత నాకు పట్టింది! సరేలే, నా కోపం నీ మీద కాదు. నీ మీద కూడా ఉందనుకో. చెప్తా విను.

ఆ కారు నాది. నా అంతట నేను ఎంచుకుని కొనుక్కున్న మొదటి కారు. ఇన్నాళ్లూ నీ బూడిద రంగు కారే తోలాను కదా, చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు తిని తిని దాని అడుగు ఊడిపోయేదాకా. నీ గిన్నెలు, నీ కర్టెన్లు, నీ కారు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నాకు నచ్చింది తెచ్చుకుంటే తప్పా? చర్చి విందులకి బల్లలూ కుర్చీలూ మోసేదాన్ని కదాని కొంచెం పొడుగాటిది తీసుకున్నా.

ఇంకేముంది, హైస్కూల్లో ముప్పై ఏళ్లు పిల్లలకి డ్రైవింగ్ నేర్పిన మహానుభావుడు కదా, పాఠం మొదలుపెట్టాడు. "నాడీన్, గ్యారేజీ తలుపు పూర్తిగా పైకి లేచేదాకా కారు కదపకూడదు. నాడీన్, తలుపు దిగుతుంటే కింద నుంచి దూరి పరిగెత్తకూడదు. నాడీన్, డిక్కీ తెరిచిపెట్టి తలుపు దించే మీట నొక్కకూడదు." నాకు డెబ్బై దగ్గర పడుతోందక్కా! గ్యారేజీ తలుపు ఇవాళే కళ్లు తెరిచి చూశానా?

చివరికి "దిగు, నేను పెట్టి చూపిస్తా" అని తాళం లాక్కున్నాడు.

ఇక నీ బంతి సంగతికి వస్తా. కప్పు నుంచి దారంతో వేలాడుతుందే, ఆ పచ్చ టెన్నిస్ బంతి. అది ముందద్దానికి తగిలితే ఆగాలి, కారు మొత్తం లోపలికి వచ్చేసినట్టు లెక్క. మన వీధిలో సగం గ్యారేజీల్లో ఉంటుంది, అందులో వింతేం లేదు. కానీ ఎవరి కారుకి కొలిచి కట్టిన బంతి అది? నీ కారుకి! నాది దానికంటే మూరెడు పొడుగు. ఈ మాత్రం ఎవరికైనా తెలుస్తుందా, తెలియదా?

మన గురువుగారికి తెలియలేదు. అద్దానికి బంతి తగలగానే ఆపాడు. దర్జాగా దిగాడు. వెనక్కి తిరిగైనా చూడకుండా నడిచి వెళ్లి గోడ మీద మీట నొక్కాడు.

నేను బయట నిలబడి "హార్లన్, తోక! తోక బయటుంది!" అని అరుస్తూనే ఉన్నా. "తలుపుకి కన్నుందిలే, ఏదైనా అడ్డముంటే అదే ఆగుతుంది" అన్నాడు. కన్నుంది, కాదనను. అది నేలకి జానెడు ఎత్తులో ఉంది! చక్రాలేమో లోపల, డిక్కీయేమో గాల్లో బయటికి పొడుచుకొచ్చి ఉంది. ఆ కంటికి ఏం కనబడుతుంది, నా మొహం? తలుపు నింపాదిగా దిగొచ్చి నా కొత్త డిక్కీ నెత్తిన కూర్చుంది. వెనకద్దం భళ్లుమంది. అప్పుడు తలుపు తప్పు తెలుసుకుని మళ్లీ పైకి పోయింది. ఆయనకి మాత్రం తెలిసిరాలేదు.

ఏమన్నాడో తెలుసా? "నీ కారు మరీ పెద్దదైపోయింది" అన్నాడు! ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

"పోనీ, బంతిని కాస్త ముందుకి జరుపు" అన్నాను. ముందు జింక మాంసం ఫ్రీజర్ దాకా బోలెడు ఖాళీ ఉంది కదా. అంతే, మొహం మాడ్చుకున్నాడు. "అది ఆర్డిస్ కోసం కట్టిన బంతి. పెళ్లైన ఏడాది కట్టాను. కట్టిన చోటు నుంచి వెంట్రుకవాసి కదల్లేదు, కదలదు."

కదలదట! అద్దం బాగుచేయించి, వారం తిరిగేలోగా కారు షాపువాళ్లకి ఇచ్చేసి, నీ కారంత కారు తెచ్చుకుందామట. బంతికి తగ్గ కారు! విన్నావా ఈ ముచ్చట?

నాకు నవ్వు రాలేదక్కా, ఏడుపొచ్చింది. రోజూ పొద్దున్నే పేపర్ తెచ్చుకోవడానికి పోతూ పోతూ ఆ బంతిని వేలితో ఓసారి ఊపుతాడు. నేను చూడట్లేదనుకుంటాడు. నన్నెప్పుడైనా అంత మెత్తగా ముట్టుకున్నాడా? టెన్నిస్ బంతిని చూసి కుళ్లుకునే ఆడది లోకంలో నేనొక్కదాన్నే ఉంటాను.

మొన్న ఆదివారం ఆయన చేపలు పట్టడానికి సరస్సుకి పోయాడు. నేను నిచ్చెన ఎక్కాను. కత్తెర పట్టుకునే ఎక్కాను, అబద్ధమెందుకు. కోసి చెత్తడబ్బాలో పడేద్దామనే.

ఎక్కి చూద్దును కదా, బంతి దారం కట్టిన కొక్కెం వెనకాల తెల్లటి కప్పులో ఓ కంత. టూత్‌పేస్టు పెట్టి పూడ్చిన కంత. దాని వెనక ఇంకోటి. ఆ వెనక ఇంకోటి!

నిచ్చెన మీదే కూలబడ్డాను. అమ్మ దొంగా! కారు మారినప్పుడల్లా నువ్వే జరిపేశావు కదూ? అడగలేదు, వాదించలేదు, ఆయన ఇంట్లో లేని పూట చూసుకుని కొక్కెం పీకి, కంతకి పేస్టు పూసి, ఏమీ ఎరగనట్టు వంట చేసుకున్నావు. ఆయనేమో వెంట్రుకవాసి కదల్లేదని ఊరంతా చెప్పుకున్నాడు! తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషితో నువ్వెలా కాపురం చేశావో నాకప్పుడు అర్థమైంది. నేనేమో పదకొండేళ్లు వాదించి వాదించి గొంతు పోగొట్టుకున్నా. సిగ్గేసింది.

కత్తెర జేబులో పెట్టేశాను. కొక్కెం పీకి మూరెడు ముందు బిగించాను. కంతకి పేస్టు, నీలాగే. గ్యారేజీ అంతా పుదీనా వాసన.

సాయంత్రం ఆయనే కారు పెట్టాడు. బంతి తగిలింది, ఆపాడు, మీట నొక్కాడు. తలుపు చక్కగా నేలదాకా దిగింది. అప్పుడేమన్నాడో చెప్పుకో చూద్దాం! "చూశావా? కారే సర్దుకుంది" అన్నాడు. అని, బంతిని వేలితో ఊపి లోపలికి పోయాడు. కారు ఇచ్చేసే మాట మళ్లీ ఎత్తలేదు.

కారు సర్దుకుందట. ముప్పై ఏళ్లు పిల్లల ప్రాణాలు ఈయన చేతిలో పెట్టారు, ఏ దేవుడు కాపాడాడో!

ఇంకో మాట ఒప్పుకోవాలి నీ దగ్గర. ఇన్నేళ్లూ ఈ మొక్కలు నాటుతూ లోపల నిన్నే తిట్టుకున్నాను. ఒకటి రెండుసార్లు కావాలనే వాడిపోయినవి తెచ్చాను. ఈసారి మంచివి తెచ్చాను, చూడు, ఎర్రవి.

ఈ సమాధి రాయి మీద కూడా నీ పేరు పక్కనే తన పేరు ఎప్పుడో చెక్కించి పెట్టుకున్నాడు, తను పోయే ఏడాది చెక్కడానికి మాత్రం జాగా వదిలి. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మీ ఇద్దరే. నేనెక్కడ పడుకోవాలి? ఆయన్నడిగితే మళ్లీ మొహం మాడుస్తాడు, కట్టింది కదలదంటాడు. అందుకే ఆయన్ని అడగను. నిన్నే అడుగుతున్నా.

హారన్ కొడుతున్నాడు, ఆట అయిపోయినట్టుంది. వస్తున్నా మహానుభావా, వస్తున్నా!

కొంచెం జరుగక్కా. ఆయనకి చెప్పనక్కర్లేదు.