స్టాంపు మీద పాత కంపెనీ

శనివారం పొద్దున డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో మా ఇండియన్ స్టోర్ చివరనున్న చాయ్ కౌంటర్ దగ్గర కూర్చుంటే వాసుదేవరావు దొరుకుతాడు. దొరుకుతాడని కాదు, మనమే ఆయనకి దొరికిపోతాం. ఆయన భార్య ప్రమోద కార్ట్ తోసుకుంటూ సామాను కొనడానికి వెళ్తుంది, ఈయన పేపర్ కప్పు పట్టుకుని నోరు తెరుస్తాడు. ఆవిడ బిల్లు కట్టి వచ్చేదాకా మాకు విడుదల లేదు.

ఆ రోజు జితేందర్ దిగాలుగా ఉన్నాడు. వచ్చే నెల వరంగల్‌లో అతని పెళ్లి. ఈమధ్యే కంపెనీ మారాడు. పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపుకి ఇంకా గడువుంది గానీ, దాని మీద పాత కంపెనీ పేరుంది. వెళ్తే తిరిగి రానివ్వరని రూమ్మేట్లు బెదిరించారు. దాంతో ఇంకా టికెట్ కొనలేదు.

"పెండ్లిపిల్ల రోజూ ఫోన్ చేసి అడుగుతది, టికెట్ బుక్ చేసినవా అని. ఏం చెప్పాల్నో సమజైతలేదన్నా. మస్తు భయమైతుంది," అన్నాడు.

"ఓస్, ఇంతేనా!" వాసుదేవరావు కప్పు కింద పెట్టాడు. "నేను చేసొచ్చిన పనే కదయ్యా ఇది. కంపెనీ మారాను, పాత స్టాంపుతోనే ఇండియా వెళ్లాను, పాత స్టాంపుతోనే వచ్చి డాలస్‌లో దిగాను. ఆఫీసర్ చూసి, 'ఇందులో వేరే కంపెనీ పేరుందే' అన్నాడు. 'డేట్ చూడండి, ఇంకా ఉంది. కొత్త కంపెనీ గవర్నమెంట్ నుంచి తెచ్చిన అప్రూవల్ నోటీస్ ఇదిగో' అన్నాను. అంతే."

"అంతేనా? పంపిచ్చిండా?" జితేందర్ ముఖం కాస్త తేటపడింది.

అక్కడితో ఆపేస్తే ఆయన వాసుదేవరావు ఎందుకవుతాడు?

"ఎక్కడ పంపించాడయ్యా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. 'ఇన్నాళ్ల సర్వీసులో ఈ రూల్ ఇంత క్లియర్‌గా నాకెవరూ చెప్పలేదు' అన్నాడు. సూపర్‌వైజర్‌ని పిలిచాడు, ఆవిడొచ్చి మళ్లీ చెప్పమంది, చెప్పాను, ఆవిడ ఇంకో పెద్దాయన్ని పిలిచింది, ఆయనకీ చెప్పాను. నాకేమో ఇంటికెళ్లి స్నానం చేయాలనుంది, కానీ అంతమంది అడుగుతుంటే చెప్పకపోతే బాగుండదు కదా. ఇదంతా విని నా వెనకున్న బ్రెజిల్ ఆయన 'సార్, నేనూ కంపెనీ మారాను' అన్నాడు. ఆయన వెనకాల ఫిలిప్పీన్స్ నర్సు, ఆవిడదీ ఇదే కేసు. చూస్తుండగానే పక్క క్యూలన్నీ ఖాళీ అయి నా దగ్గరికొచ్చేశాయి. ఆఫీసర్లు మాత్రం ఏం చేస్తారు, నాకో స్టూలు వేశారు."

"స్టూలేనా వాసూ? స్టాంపు చేతికివ్వలేదా?" అన్నాడు మల్లికార్జునరావు. రిటైరైన డాక్టరు, ఎప్పుడో కాలేజీ రోజుల్లో చదువుకున్న ఇంగ్లీషు పుస్తకం ఏదో ఒకటి చేతిలో ఉంటుంది, ఇప్పుడు చదవగా ఎవరూ చూడలేదు.

"ఇచ్చారు డాక్టరు గారూ. నేనే వద్దన్నాను. నాకు పర్మిషన్ ఉన్నది నా కంపెనీలో పనిచేయడానికే కదా, వాళ్ల పని నేను చేస్తే రూల్ తప్పినట్టవుతుంది. ఊరికే పక్కన కూర్చుని తలూపాను. నేను ఊపినప్పుడల్లా వాళ్లు స్టాంపు గుద్దారు."

"ధర్మాత్ముడివి," అన్నాడు డాక్టరు.

"అంతలో మా పాత కంపెనీ ఓనరు ఎయిర్‌పోర్ట్‌కి పరిగెత్తుకొచ్చాడు. 'స్టాంపు మీద మా పేరుంది, మనిషి మావాడే' అని కుడిచెయ్యి పట్టుకున్నాడు. కొత్త మేనేజరు అప్రూవల్ నోటీస్ ఊపుతూ వచ్చి ఎడమచెయ్యి పట్టుకున్నాడు. 'బాబూ, స్టాంపు గుమ్మందాకా తెస్తుంది, ఎవరి దగ్గర పని అనేది అప్రూవల్ చెప్తుంది' అని ఇద్దరికీ నచ్చజెప్పాను. ఓనరు అక్కడే ఏడ్చేశాడు. నాకూ బాధేసిందనుకో."

"నిన్ను పంపుడు సంగతేమైందన్నా?" జితేందర్ గొంతులో ఆత్రం.

"వస్తున్నానయ్యా. మేమొచ్చిన విమానం గేటు దగ్గరే ఉండిపోయింది. ఎందుకో తెలుసా? పైలట్ దిగలేదు! ఆయనా ఈమధ్యే ఎయిర్‌లైన్ మారాడట పాపం, తలుపేసుకుని లోపలే కూర్చున్నాడు."

"పైలట్లకి వీసా వేరే రకం ఉంటుందేమో కదా," అన్నాడు డాక్టరు.

"అందుకే ఇంకా ఎక్కువ భయపడ్డాడండీ. నేనే వెళ్లి తలుపు కొట్టి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, తలూపి బయట పడేశాను. 'మిమ్మల్ని ఇంటి దగ్గర దింపందే నా మనసొప్పుకోదు' అన్నాడు. ఊబర్ బుక్ చేసుకుంటానంటే వినడే! హైవే మీద ట్రాఫిక్ ఉందని పైపైనే తీసుకొచ్చి, ఇదిగో, ఈ స్టోర్ పార్కింగ్‌లోనే దింపాడు. దింపేటప్పుడు కార్ట్‌లు పెట్టే చోట ఉన్న రాడ్‌కి రెక్క కొంచెం తగిలింది. ఆ రాడ్ ఇప్పటికీ వంకరగానే ఉంటుంది, అద్దంలోంచి చూసుకోండి."

మేము చూశాం. రాడ్ నిజంగానే వంకరగా ఉంది.

"ఆ రాడ్ వంచింది మన కారు," వెనకనుంచి ప్రమోద గొంతు. దోసెల పిండి, కరివేపాకు, బియ్యం సంచీతో కార్ట్ పట్టుకుని ఎంతసేపట్నుంచి నిలబడిందో. "పోయిన దీపావళికి రివర్స్ చేస్తూ గుద్దారు."

వాసుదేవరావు చాయ్ తాగసాగాడు. కప్పులో చాయ్ లేదు.

జితేందర్ నవ్వలేదు. మొహం మళ్లీ పాలిపోయింది. "విమానం అబద్ధమైతే స్టాంపు సంగతి కూడా అబద్ధమేనా వదినా? నా పెండ్లి దాని మీదనే ఉంది. అన్న అసలు పోయిండా, పోలేదా?"

ప్రమోద కార్ట్ పక్కకి పెట్టింది.

"మా నాన్న షష్టిపూర్తికి ఇద్దరికీ టికెట్లు కొన్నాం. ఆ ఏడాది ఇద్దరం కంపెనీలు మారాం, ఇద్దరి స్టాంపుల మీదా పాత పేర్లే. టెర్మినల్ ముందు కారాపి ఈయన వాట్సాప్‌లో ఎవడిదో మెసేజ్ చదివారు, రానివ్వడం లేదట అని. నా సూట్‌కేస్ దింపి, తన సూట్‌కేస్‌తో ఇంటికి వెళ్లిపోయారు. నేనొక్కదాన్నే వెళ్లాను. ఫోటోలన్నింటిలో ఒక్కదాన్నే ఉన్నాను. అల్లుడేడమ్మా అని అడిగినవాళ్లందరికీ సమాధానం చెప్పలేక ఏడుపొచ్చింది."

వాసుదేవరావు నేల చూస్తున్నాడు.

"మరి తిరిగొచ్చేటప్పుడు వదినా?"

"పాత స్టాంపు, కొత్త అప్రూవల్ నోటీస్ చూపించాను. ఆఫీసర్ ఎక్కడ పనిచేస్తున్నావన్నాడు, చెప్పాను. వెల్‌కమ్ బ్యాక్ అన్నాడు. ఆ మాటే ఇంటికొచ్చి ఈయనకి చెప్పాను. స్టూలూ పైలటూ తర్వాత చేరారు. మీ కంపెనీ లాయర్‌ని ఒకమాట అడిగి, వెళ్లి పెళ్లి చేసుకో జితేందర్. ఆ అమ్మాయిని ఫోటోల్లో ఒక్కదాన్నే నిలబెట్టకు."

జితేందర్ ఫోన్ తీసి అక్కడికక్కడే లాయర్‌కి మెసేజ్ పెట్టి, టికెట్లు వెతకడం మొదలుపెట్టాడు. మొహంలో పెళ్లికళ వచ్చేసింది. "ఎయిర్‌పోర్ట్‌కి ఎవరన్న రైడ్ ఇస్తరా?" అన్నాడు.

"ఈయన దింపుతారులే," అంది ప్రమోద, బియ్యం సంచీ మొగుడి చేతుల్లో పెడుతూ. "టెర్మినల్ గుమ్మందాకా దారి ఈయనకి బాగా తెలుసు."