వదిన పాట కోసం రాసిన ఒక్క లైను

"ఇందాక నేను చేసిన పని ఇంకొకడు చేసుంటే ఈపాటికి పేపర్లో పడేది. కావాలంటే పక్కనే ఉంది మా వదిన, అడగండి. పాటల పోటీకి పాట పంపింది. ఐదింటిలోపు జడ్జీలు వినాలి. వాళ్లు తెరిస్తే పాట లేదు, తెర నిండా పిచ్చి అక్షరాలు!"

"పదకొండేళ్ల తర్వాత పాడానండీ," అంది వదిన, టీ కొట్టు దగ్గర చేరినవాళ్లతో.

"అదే చెప్తున్నా. ఫైలు పేరు చివర చుక్క పెట్టి ఓ తోక ఉంటుంది చూశారూ, దాన్ని బట్టే ఇది బొమ్మ, ఇది పాట అని సర్వరు, అదే, వెబ్‌సైటుని అందరికీ అందించే పెద్ద కంప్యూటరు, అవతలివాళ్లకి చెప్తుంది. వదిన పాట తోకేమో దానికి కొత్త. ఆ పోటీ వెబ్‌సైటు కట్టింది నేనే కదా, దానికి చట్రంలాంటి ఫ్రేమ్‌వర్కులో తోకల లిస్టు తెరిచి, ఈ తోకుంటే పాట అని ఒక్క లైను రాశా. నా కంప్యూటర్లో వదిన గొంతు ఖంగున మోగింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెయ్యి ఊరుకుందా, ఇంకో తోక పెట్టి, ఇది వాన అని రాశా. కీబోర్డు మీద చినుకులు!"

"తడిశావా?" అన్నాడు టీ కొట్టాయన.

"గొడుగేసుకుని టైపు చేశానంటే నమ్ము. తర్వాతి లైన్లో వెన్నెల అని రాస్తే పట్టపగలు ఆఫీసంతా తెల్లగా, చల్లగా... మా మేనేజరు కుర్చీలోనే పసిపిల్లాడిలా నిద్రపోయాడు. ఆఖరికి సముద్రం అని రాశా. గోడల్లేవు, తలుపుల్లేవు, అంతా నీలం. టేబుళ్లు మెల్లగా తేలుతున్నాయి, మా క్యాషియరుగారు తన టేబులెక్కి చెయ్యి ఊపుతూ వెళ్లిపోతున్నారు. వదిన పాట నీళ్ల మీద దూరంగా, ఇంకా దూరంగా పోతుంటే చేపలు తలలెత్తి విన్నాయి. నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది."

టీ కొట్టాయన గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వదిన ఫోను మోగింది. ఆవిడ పోటీవాళ్లు చెప్పింది విని, పెట్టేసింది.

"జడ్జీలకి ఇంకా పిచ్చి అక్షరాలే కనిపిస్తున్నాయట, మరిదిగారూ. ఆ లైను సర్వరుకి పంపావా, నీ కంప్యూటర్లోనే రాసి టీకి వచ్చేశావా?"

అతను నాలుక కరుచుకున్నాడు.

"అయితే ఆ వానా వెన్నెలా కూడా నీ ఒక్కడికేనన్నమాట!" అన్నాడు టీ కొట్టాయన. అందరూ గొల్లున నవ్వారు.

వదిన నవ్వలేదు. "నాలుగూ నలభై అయింది. ముందు లేచి ఆఫీసుకి పరిగెత్తి ఆ లైను పంపు," అంది.

గ్లాసు చేతిలో ఉండగానే అతను రోడ్డు దాటేశాడు.