హజరత్తయ్య గారు ఎత్తేసిన నిబంధన

1988 అక్టోబరు 3వ తేదీన కోవూరు మండలంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిన శ్రీ హజరత్తయ్య గారు, ఈ జూన్ 30న బోగోలు మండలంలోని మన ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులుగా పదవీ విరమణ చేస్తున్నారు. మధ్యలో కావలిలో పదహారేళ్లు భౌతికశాస్త్రం బోధించారు. నాటి శిష్యులు కొందరు నేడు వారి సహోద్యోగులు.

2014లో వారు ఇక్కడికి వచ్చేనాటికి బడి సగం ఖాళీ. చేపల పడవలు ఒడ్డుకు చేరే రోజున పిల్లలు సెలవు చీటీలు తెచ్చేవారు. అన్నిటిలోనూ ఒకటే కారణం, తలనొప్పి. హజరత్తయ్య గారు ఒక నిబంధన పెట్టారు: తలనొప్పికి సెలవు లేదు, గ్లాసెడు నీళ్లు తాగి ముందు బెంచీలో కూర్చోవాలి. రెండేళ్లలో బడి నిండింది. ఉపాధ్యాయులందరూ మెచ్చుకున్నారు.

2022 వానాకాలంలో తొమ్మిదో తరగతి బిందు, ఈ వ్యాసం రాస్తున్న తెలుగు ఉపాధ్యాయిని కామాక్షి కూతురు, తలనొప్పి అంది. నీళ్లు తాగి ముందు బెంచీలో కూర్చుంది. పది రోజులకు హజరత్తయ్య గారి తరగతిలో మళ్లీ లేచి నిలబడింది.

“సార్, బోర్డు మీద అక్షరాలు రెండ్రెండుగా కనపడతా ఉండాయి సార్.”

“అయితే మార్కులు గూడా రెండింతలు రావాల గదా మే!”

తరగతి నవ్వింది. బిందూ నవ్వింది. ఇంట్లో తల్లి కూడా ఆ నిబంధననే పాటించింది.

నెలన్నరకు ఒక కంటి చూపు మందగించాక నెల్లూరు, ఆపైన చెన్నై తీసుకుపోయారు. ఒంట్లోని రక్షణ శక్తే మెదడును కప్పి ఉండే పొరల మీద దాడి చేసి, అవి వాచి మందమెక్కే అరుదైన వ్యాధి అని తేలింది. ముందే వచ్చి ఉంటే ఆ కంటి చూపు ఇంత తగ్గేది కాదేమోనన్నారు డాక్టర్లు. ప్రాణం సంగతి చెప్పలేమన్నారు.

మరుసటి సోమవారం ప్రార్థన సమయంలో హజరత్తయ్య గారు పిల్లలందరి ముందు “తప్పు నాది” అని చెప్పి నిబంధన ఎత్తేశారు. అప్పటినుంచి తలనొప్పి అన్న ప్రతి బిడ్డ పేరూ తేదీతో సహా రాసుకున్నారు. రెండు వారాల్లో మూడుసార్లు వస్తే, తమ స్కూటరు మీదే ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయారు. చాలామందికి కళ్లద్దాలతో సరిపోయింది. చేపలకు పోయే పిల్లలు మాత్రం పాత చీటీలే తెచ్చారు. హాజరు తగ్గింది, పై అధికారులు మందలించారు. అయినా హజరత్తయ్య గారు మారలేదు.

బిందుతో నెలనెలా కావలిలో చెన్నై రైలెక్కే కామాక్షికి వారే తోడు. స్టెరాయిడ్ మందులు బాగా పనిచేసిన ఒక నెలలో, గూడూరు దాటాక బిందు ఆయన్ను తేరిపార చూసింది.

“సార్, ఈ పొద్దు మీరు ఒక్కరే ఉండారు. ఇన్నాళ్లూ ఇద్దరు హెడ్మాస్టర్లతో వేగలేక చచ్చినా!”

“ఆ రెండోవాడే మంచోడేమో మే, సరిగా చూసుకోవాల్సింది.”

ముగ్గురూ నవ్వారు.

2024 ఫిబ్రవరిలో, వ్యాధిని అణచే మందులతో తట్టుకునే శక్తి తగ్గిన ఒంటికి న్యుమోనియా సోకి, బిందు చనిపోయింది.

ఈ వీడ్కోలు సభ సంచికకు వ్యాసం రాస్తానని కామాక్షి చెప్పినప్పుడు సార్ ఒకటే మాట అన్నారు. “బిందు సంగతి లేకుండా నన్ను పొగిడితే సభకి రాను కామాక్షమ్మా.”

“అంతా రాస్తా సార్. మంచి గూడా రాస్తా. దానికి మీరు అడ్డం చెప్పకూడదు.”

పొరపాటు ఇద్దరిదీ. దాన్ని పదిమందిలో ఒప్పుకొని, మాట పడుతూ కూడా దిద్దుకున్నది ఆయన. హజరత్తయ్య గారూ, వారి సతీమణి చెంచులక్ష్మి గారూ నిండు ఆరోగ్యంతో, తృప్తిగా, నూరేళ్లు ఉండాలి. ఈ కోరిక బిందు తల్లిది. సభలో తొలి దండ కూడా ఆమే వేస్తుంది. సార్ తల వంచాలి.