పద్దెనిమిదో జెండా

మార్చి తొమ్మిది, ఆదివారం. ఆ సాయంత్రం గోల్ఫ్ క్లబ్బు క్యాంటీన్లో ఉల్లి పకోడీ తింటున్నాను. పకోడీ కరకరలాడుతోంది, గాలి చల్లగా ఉంది. పక్క బల్ల దగ్గర స్టీల్ ప్లాంటులో రిటైరైన పెద్దాయన స్కోరు కార్డు పట్టుకుని కూర్చున్నాడు. ఆయన గోల్ఫ్ కర్రలు మోసే నడివయసు కేడీ, బ్యాగు భుజాన ఉంచుకునే పక్కన నిలబడ్డాడు.

"తొంభైతొమ్మిది రాసీండి బాబూ. వంద దెబ్బల్లోపు ఆట అయిపోవాలని మూడేళ్లనించి ఆడతన్నారు."

"వంద. పద్దెనిమిదో గుంత దగ్గర, ఆఖరి గ్రీన్ మీద, గుర్తుగా వెనక నాణెం పెట్టకుండానే బంతిని ఎత్తేశాను. ఒక దెబ్బ పెనాల్టీ."

"తీసీండని నానే కదా అన్నాను!"

"అన్నావు. తీశాను."

"నాను గుంతలో జెండా తీసీమన్నాను బాబూ!"

"జెండా తీసేది నువ్వు కదయ్యా."

"నా రెండు సేతుల్లోనూ మీ బ్యాగూ, గొడుగూ ఉన్నాయి గదేటి."

"పెనాల్టీ అన్నవాడికి కాదు, ఎత్తినవాడికి."

"మళ్లీ అక్కడే పెట్టీసేరు కదా. ఎవులూ సూడలేదు."

"నువ్వు చూశావు."

"నాను మర్సిపోతాను."

"నాకు గుర్తుంటుంది."

పెద్దాయన వంద వేశాడు. సున్నాలు రెండూ శ్రద్ధగా చుట్టాడు. సంతకం దగ్గర మాత్రం కలం ఆగింది.

"బాబూ, మొన్న దసరాకి ఎంతొచ్చింది?"

"నూటమూడు."

"అంతకన్నా తక్కువ ఎప్పుడైనా వచ్చిందేటి?"

"లేదు."

"మరయితే మీ ఆటలో ఇదే రికార్డు. సంతకం ఎట్టీండి."

ఆయన పెట్టాడు. కేడీ బ్యాగును సామాన్ల గదిలో గోడకు ఆనించి, తలుపు చప్పుడు కాకుండా మూశాడు.