బ్రేకు మేడం ఎక్కడిదాకా మాట్లాడింది

అటెందుకు వెళ్తున్నారండీ? అది మా అమ్మ సీటు. మీ సీటు స్టీరింగు ముందు. ఇవాళ కూడా అక్కడే కూర్చోండి. అమ్మ పక్కన కూర్చునే భాగ్యం ఎలాగూ మీకే దక్కింది, కనీసం ఆవిడ సీట్లోనైనా నన్ను కూర్చోనివ్వండి.

ఏంటా చూపు? తిట్టడానికి పిలవలేదు టీచరుగారూ. తిట్టాలనుకుంటే ఆ రోజే తిట్టేదాన్ని, ఇంటినిండా జనం ఉండగా. ముందు తలుపు వేసుకోండి. కొంచెం ఎత్తి లాగాలి, లేకపోతే పడదు... ఓహో, తెలుసు కదూ. మీకన్నీ తెలుసు.

మా మామయ్య అన్న మాట మీ చెవిన పడిందని నాకు తెలుసు. "పక్కన మనిషి ప్రాణం పోతుంటే పది నిమిషాలు షికారు చేసిందట ఈ లెక్కల టీచరు!" అన్నాడు. మీరు గుమ్మంలోనే నిలబడిపోయారు. నేను అక్కడే ఉన్నాను. ఊరుకో మామయ్యా అనొచ్చు. అనలేదు. ఎందుకనలేదంటారా? హాయిగా అనిపించింది. నిజమండీ, దాపరికం ఎందుకు? మిమ్మల్ని ఎవరో ఒకరు ఒక మాట అంటే నాకు కడుపు చల్లబడింది.

డాక్టరు ఏమన్నాడంటే, గుండె ఒక్కసారిగా ఆగిపోయిందట. ఆసుపత్రి గుమ్మంలో ఉన్నా చేసేదేమీ లేకపోయేదట. కాబట్టి మీరు ఆపినా ఆపకపోయినా ఒకటే. ఈ మాట మీకు ఎప్పుడో చెప్పాల్సింది. ఇరవై రోజులు నాన్చాను. కావాలనే నాన్చాననుకోండి.

అసలు మీరు ఎందుకు ఆపలేదో ఆ ఇంట్లో ఎవరికీ బుర్రకెక్కలేదు, నాకు తప్ప. ఎలా ఎక్కుతుంది? వాళ్లెవరూ మా అమ్మ దగ్గర డ్రైవింగు నేర్చుకోలేదుగా! ఇరవై రెండేళ్లు ఊళ్లో సగం మందికి స్టీరింగు పట్టించింది. బ్రేకు మేడం అంటే తెలియనివాళ్లు లేరు. కాలేమో ఎప్పుడూ ఇదిగో, నేర్పేవాళ్ల వైపు ఉండే ఈ రెండో బ్రేకు మీద. నోరేమో, తప్పు చేస్తే లేస్తుంది, సరిగ్గా చేస్తే కిక్కురుమనదు. అదే ఆవిడ మెచ్చుకోలు. మీరంతా నిమిషాలు చూసుకునేవాళ్లట కదా? "ఇవాళ నన్ను మేడం మూడు నిమిషాలు ఏమీ అనలేదు తెలుసా" అని ఒకళ్లతో ఒకళ్లు గొప్పలు పోయేవాళ్లట?

ఆ రోజు మీకు పది నిమిషాలు దొరికాయి.

బెల్టు పెట్టుకునే ఉంది. తల సీటుకి ఆనుకునే ఉంది. కళ్లకి నల్లద్దాలు, అవి కూడా నేనిచ్చినవే, మా కళ్లజోళ్ల షాపులోవి. మీరు మలుపు తిప్పారు, ఏమీ అనలేదు. గేరు మార్చారు, ఏమీ అనలేదు. ఆహా, నాకు బండి వచ్చేసింది అనుకుని ఉంటారు. లోపల్లోపల పొంగిపోయి ఉంటారు. అవునా, కాదా? అమ్మ నేర్పే మైదానం గేటు దగ్గర చక్కగా ఆపి, చేతిబ్రేకు వేసి, "ఎలా ఉంది మేడం?" అని ఇటు తిరిగారు...

అయ్యో, మళ్లీ ఏడుపు మొదలుపెట్టకండి. ఆ రోజూ ఇంతే. పోయింది మా అమ్మ, మంచినీళ్ల గ్లాసు ముందు మీకిచ్చారు!

నవ్వొస్తోందా? నవ్వండి. నాకు మీరంటే కుళ్లు టీచరుగారూ. చచ్చేంత కుళ్లు. ఈ రోజుది కాదు, నాలుగు నెలలది. ఎప్పుడు ఫోన్ చేసినా మీ గొడవే. "మా లెక్కల టీచరు రివర్సులో ఎంత వాటంగా పెట్టిందనుకున్నావు!" "మా లెక్కల టీచరుకి భయం ఎక్కువే, కానీ చెబితే వింటుంది." చెబితే వింటుందట! అది ఎవరికి తగలాలని అన్న మాట? నాలుగు వీధుల అవతల ఉంటాను నేను. నాతో మాట్లాడింది వారానికి ఎంతసేపో తెలుసా? మీరు ఒక్క పూటలో విన్నంత కూడా కాదు.

ఆఁ? నాకెందుకు నేర్పలేదనా? నేర్పింది. పంతొమ్మిదేళ్లప్పుడు, ఇలాంటి బండిలోనే, నాలుగు రోజులు. పరాయివాళ్లకి ఒక తిట్టు పడే చోట నాకు పది పడేవి. "నీ కడుపున పుట్టాను కాబట్టా?" అని అడిగితే, "నా కడుపున పుట్టి క్లచ్ ఇలా వదులుతావా?" అంది. నాలుగో రోజు నడిరోడ్డు మీద బండి ఆపేసి, తాళం అక్కడే వదిలేసి దిగిపోయాను. నడుచుకుంటూ ఇంటికి పోతున్నాను. వెనకే వస్తోంది, నా నడక వేగానికి బండి నడుపుతూ. కిటికీలోంచి తల బయటికి పెట్టి ఇంటిదాకా తిడుతూనే ఉంది. వెనక బస్సులు హారన్లు కొడుతున్నా లెక్కలేదు మహాతల్లికి.

తర్వాత మళ్లీ నేను అడగలేదు, ఆవిడ పిలవలేదు.

సరే, బండి తీయండి. అవును, ఇప్పుడే. భయమెందుకు, బ్రేకు మీద నా కాలుందిగా. ఆ రోజు ఎటు వెళ్లారో అటే పోనివ్వండి. నాకొక్కటే తెలియాలి. ఆవిడ ఎక్కడిదాకా మాట్లాడింది? ఆఖరి మాట ఎక్కడ, ఏమంది? అందుకే మిమ్మల్ని పిలిచింది. మీరు చెబితే తప్ప ఈ భూమ్మీద ఇంకెవరూ చెప్పలేరు. అది గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్లు మండిపోతోంది.

ఊఁ. బండి బాగానే రోడ్డెక్కించారు.

ఈ బేకరీ దగ్గర? కుడివైపు అద్దం చూడలేదని తిట్టిందా. బాగా తిట్టిందా? మంచిది. ఇక్కడ? ఈ ఎత్తు మీద? చేతులు అలా బిగించి పట్టుకోవద్దంది. నాకూ అదే చెప్పేది. పోస్టాఫీసు మలుపు... ఇక్కడ కూడా మాట్లాడింది. బాబోయ్, మీకు చాలానే పడ్డాయండీ.

ఎందుకు నెమ్మది చేశారు? ఇక్కడేనా?

ఇక్కడేనా టీచరుగారూ?

ఏమంది? ఫరవాలేదు, చెప్పండి. మిమ్మల్ని పొగిడినా చెప్పండి, మింగుడుపడకపోయినా మింగుతాను. నసగకండి. ఏంటీ? ఆ మీసాలాయన డ్రైవింగు స్కూలు బోర్డు చూపించిందా? చూపించి?

"మా అమ్మాయి వీడి దగ్గర నేర్చుకుంది" అందా?

ఆపండి. పక్కకి తీసి ఆపండి. ఇండికేటరు వేసి... ఆఁ. చాలు.

అమ్మకి తెలుసా?

రెండేళ్ల నుంచా! ఎవరు చెప్పారట? మీసాలాయనే చెప్పాడా, టీకొట్టు దగ్గర కలిసినప్పుడు? మరి నాతో ఒక్క మాట అనలేదే! మా ఆయనకి తప్ప ఎవరికీ తెలియదనుకున్నానే నేను. అమ్మ మైదానంలో ఉండే గంట చూసుకుని, తలకి చున్నీ చుట్టుకుని, దొంగలా నలభై రోజులు తిరిగాను ఇక్కడికి. ఆయనెంత మంచివాడనుకున్నారు? గోడకి గుద్దినా "పర్లేదమ్మా" అనేవాడు. అందుకే నాకు ఇప్పటికీ బండి సరిగ్గా రాదు.

ఊరంతా బ్రేకు మేడం దగ్గరికి పోతుంటే, బ్రేకు మేడం కూతురు పక్క బడికి పోయింది. ఆ మనిషికి ఎంత చిన్నతనం అయి ఉంటుందో చెప్పండి!

ఇంకా ఏమంది? అక్కడితో ఆపదు మా అమ్మ. నాకు తెలుసు, ఏదో దాస్తున్నారు. చెప్పండి, మీకు దణ్ణం పెడతాను.

"దొంగమొహంది... సిగ్నల్ దగ్గర ఇంకా క్లచ్ టప్పున వదిలేస్తోంది, బండిని చంపేస్తోంది" అందా?

ఆ తర్వాత?

ఆ తర్వాత ఏమీ లేదా. ఇక మాట్లాడలేదా. ఇక్కడి నుంచే ఆ పది నిమిషాలూ...

అంటే చివరి తిట్టు మీది కాదు. నాది. బండి నడుపుతున్నది మీరు, తిట్టు పడింది నాకు.

బండి కాసేపు ఇక్కడే ఉండనివ్వండి. నాకేం కాలేదు.

ఆ సిగ్నల్ ఏదో నాకు తెలుసు టీచరుగారూ. మీరు ఎవరికీ చెప్పకండి. లైసెన్సు వచ్చిన కొత్త, మా ఆయన కారు. ఎర్రలైటు పడింది. పక్క వరసలో ఎల్ బోర్డు ఉన్న బండి వచ్చి ఆగింది, ఈ బండే. ఎవరో నేర్చుకునే మనిషి, ఇటువైపు అమ్మ. చెయ్యి చాపితే అందేంత దూరం. లైటు మారింది. కంగారులో నా బండి ఆగిపోయింది. మళ్లీ తీశాను, మళ్లీ ఆగిపోయింది. అమ్మ ఇటు తిరగలేదు. నిటారుగా ముందుకే చూస్తూ కూర్చుంది. చూడలేదు, బతికిపోయాను అనుకున్నాను.

చూసింది. నేను పిలుస్తానేమోనని ఊరుకుంది. నేనేం చేశానో తెలుసా? కిటికీ అద్దం పైకి ఎక్కించేశాను.

ఒక్కసారి "అమ్మా" అని ఉంటే అక్కడే కడిగేసేది. నడిరోడ్డు మీద, అందరూ చూస్తుండగా. అప్పుడు అయిపోయేది. రెండేళ్లు కడుపులో పెట్టుకుని, పోతూ పోతూ ఆ తిట్టు తెచ్చి మీకిచ్చింది. నాకివ్వాల్సింది మీకిచ్చింది! కుళ్లు తగ్గుతుందేమో అని పిలిచాను మిమ్మల్ని. ఎక్కువైంది.

రోజూ ముప్పావుగంట విన్నారు మీరు. ఆ గొంతు మీకింకా చెవుల్లో ఉండి ఉంటుంది. నాకు మాటలు గుర్తొస్తున్నాయి కానీ గొంతు రావడం లేదండీ. ఇరవై రోజులకే పోయింది. నేను కన్నకూతుర్ని.

ఇటు తిరగండి. అమ్మ ఎలా అందో అలాగే అనండి, నన్ను చూసి. ఏం కాదు, అనండి.

ఉహూఁ, అలా కాదండీ. మరీ మెత్తగా అంటున్నారు. మా అమ్మ అలా తిట్టదు. మళ్లీ అనండి.